ఐతారం వాన పడతదా సార్?

అందరికి నమస్తే. వెనకకు వినవడుతుందా? ఆ ఫ్యాన్ జర తగ్గించుండ్రి, కాగితాలు ఎగురుతున్నయ్. ఆఁ, ఇగ సరే.

నన్ను పిలిచినోళ్లు దేని మీద మాట్లాడతరు సార్ అంటే వాన మీద అని చెప్పిన, వాళ్లేమో కరపత్రం మీద "వాతావరణ శాస్త్రం" అని పెద్దపెద్ద అక్షరాలతోని కొట్టించిండ్రు. నేను వాతావరణ శాస్త్రవేత్తను కాదు, ముందే చెప్తున్న. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి చెప్పి రిటైరైన మనిషిని. మరి వాన పిచ్చి ఎక్కడ్నుంచి పట్టిందంటే మా తమ్మునికి ఇక్కడ హన్మకొండలనే టెంట్ హౌస్ ఉన్నది. శామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, జనరేటర్. వానికి పని ఉండేదే శనివారం ఐతారం, మంచి ముహూర్తాలు ఉంటే మధ్యల కూడ. అందుకని బుధవారం వచ్చిందంటే చాలు నాకు ఫోన్, "అన్నా, ఐతారం వాన పడతదా?" నేనేమన్న వరుణదేవున్నా? అయినా పెద్దోన్ని, చదువుకున్నోన్ని, తెల్వదు అంటే ఇజ్జత్ పోతది కదా. ఫోన్ తీసి చూసి చెప్పుడు మొదలువెట్టిన.

ఒక మే నెలల ఏమైందో చెప్తా. ఐతారం ఒక రిసెప్షన్ ఉంది, బుధవారం చూస్తే ఫోన్ల 80 శాతం వాన అని ఉన్నది, మబ్బు బొమ్మ, దాని కింద మూడు చుక్కలు, పక్కన మెరుపు. తమ్మునికి చెప్పిన. వాడు పార్టీని భయపెట్టి మామూలు శామియానా తీసేసి రేకుల పందిరి వేయించిండు, దానికి రేటు వేరే. ఐతారం నాడు ఆకాశం అద్దంలెక్క ఉన్నది. ఒక్క చుక్క లేదు. ఎండకు రేకులు కాలి కింద కూసున్నోళ్లకు చెమటలు. పెండ్లికొడుకు నాయన అన్నడట, "మీ అన్న సైంటిస్టా, జోతిష్యుడా?" అని. ఎక్స్‌ట్రా పైసలు ఇయ్యలేదు, తమ్ముడు నాలుగు రోజులు నాతోని మాట్లాడలేదు. మళ్లా వారం, ఇంకో ఫంక్షన్, ఫోన్ల సూర్యుని బొమ్మ పెట్టి 10 శాతం అని ఉంది. సరే మామూలు శామియానా అన్న. సాయంత్రం ఐదుగంటలకు గాలిదుమారం లేసింది చూడుండ్రి, గుంజలతో సహా శామియానా లేచి పక్కింటి డాబా మీద పడ్డది, బిర్యానీ గిన్నెల ఇసుక, రాళ్లవాన వేరే. (నవ్వులు) మీకు నవ్వొస్తుంది, వానికి ఏడుపొచ్చింది.

అప్పటి సంది మా తమ్మునికి ఒక సిద్ధాంతం తయారైంది. ఫోన్ ఏది చెప్తే దానికి ఉల్టా నడవాలె అని. నిజంగ అట్లనే నడిపిండు కొన్నాళ్లు. అదెట్ల తేలిందో తర్వాత చెప్తా, ముందు ఫోన్ సంగతి చూద్దాం.

ఆ 80 శాతం అంటే మనకేం అర్థమైతది? వాన పడతది అని అర్థమైతది. 10 శాతం అంటే పడదు అని. కాని ఆ అంకె చెప్పేది అది కాదు. ఇప్పటి పరిస్థితి అసొంటి రోజులు పది తీసుకుంటే ఎనిమిది రోజులు వాన పడతది, రెండు రోజులు పడదు అని. ఆ పడని రెండు రోజుల్ల ఒకటి మన రిసెప్షన్ నాడు వచ్చింది అనుకోండ్రి, ఫోన్ అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. అట్లనే 10 శాతం అన్న రోజులు పది ఉంటే ఒక రోజు పడాలె. ఎన్నడూ పడలేదనుకో, అప్పుడు అది తప్పు చెప్పినట్టు! ఇది నేను క్లాసుల ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు మొఖం అదోలా పెట్టేటోళ్లు. ఒక్క ఐతారంతోని అంచనా మంచిదా చెడ్డదా చెప్పలేం, వంద ఐతారాలు రాసుకుంటే చెప్తం. మరి మనల ఎవరన్న రాసుకుంటరా? రాసుకోం. గుర్తుపెట్టుకుంటం, అదీ మోసపోయినవే గుర్తుంటయి. రేకుల పందిరి గుర్తుంటది, శామియానా ఎగిరింది గుర్తుంటది. చెప్పినట్టే వాన పడి, చెప్పినట్టే ఆగిపోయిన ఐతారాలు ఎవనికి యాదికున్నయి?

ఇంకో కిరికిరి కూడ ఉన్నది. అమెరికాల ఒక టీవీ ఛానల్ చెప్పిన అంచనాలను పరిశోధకులు తీసి లెక్కపెట్టిండ్రు. 20 శాతం వాన అని చెప్పిన రోజుల్ల నిజంగ పడ్డది దాదాపు 5 శాతం రోజులేనట. ఎందుకట్ల పెంచి చెప్తరంటే, వాన పడుతది అని చెప్తే పడకపోతే జనం ఖుషీ అయితరు, పడదు అని చెప్తే పడితే తిడతరు. గొడుగు మోసినందుకు ఎవడూ తిట్టడు, తడిస్తే తిడతడు. వ్యాపారం కదా. మన ఫోన్లల్ల కూడ గీ బాపతు ఉందా అంటే కంపెనీ కంపెనీకి తేడా, నేను అందర్నీ అనను.

ఇప్పుడు అసలు ప్రశ్న. బుధవారం నాడు ఐతారం సంగతి చెప్పుడు ఎందుకు కష్టం?

1961ల అమెరికాల ఎడ్వర్డ్ లోరెంజ్ అనే ఆయన కంప్యూటర్ల చిన్న వాతావరణాన్ని తయారు చేసుకొని నడిపిస్తున్నడు. పన్నెండు సమీకరణాలు, అంతే. ఒకరోజు పాత లెక్క మళ్లొకసారి చూద్దామని మధ్యలనుంచి మొదలుపెట్టిండు, ప్రింట్ కాగితం మీద ఉన్న అంకెలే టైప్ చేసిండు, 0.506 అని. కాఫీ తాగనీకి పోయి గంట తర్వాత వచ్చి చూస్తే పాతదానికి కొత్తదానికి సంబంధమే లేదు. మొదట మిషన్ చెడిపోయింది అనుకున్నడు. తర్వాత తెలిసింది ఏందంటే మిషన్ లోపల ఉన్న అంకె 0.506127, కాగితం మీద మూడు అంకెలే ప్రింటయింది. ఆ వెనక 127 ఏదైతే ఉందో, వెయ్యిల ఒక వంతు కూడ కాదు, అది రోజు రోజుకు పెరిగి పెరిగి మొత్తం వాతావరణాన్నే మార్చేసింది. 1972ల ఆయన ఉపన్యాసానికి పెట్టిన పేరే, బ్రెజిల్‌ల సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌ల సుడిగాలి వస్తదా అని. మనం వాతావరణాన్ని కొలిచేది మూడు అంకెలదాకా కూడ కొలవలేం చానా చోట్ల, సముద్రం మీద అడవి మీద ఏముంది ఎవడు చూసిండు, అట్ల కొలిచి ముందుకు నడిపిస్తే రెండు వారాలకు మించి ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా ఒక రోజుకు వాన చెప్పుడు కుదరదు అంటరు. కాబట్టి నెల ముందే ఫోన్ల మీ బిడ్డ పెండ్లి రోజు వాన బొమ్మ చూపిస్తున్నది అంటే అది అలంకారం, దాన్ని చూసి మండపం మార్చకుండ్రి.

కాని నాలుగు రోజులు అంటే రెండు వారాలు కాదు కదా, మరి అదెందుకు తప్పుతది? దాని జవాబు మన దగ్గరనే ఉన్నది. ఎండకాలం వాన చూసిన్రు కదా. పొద్దటి సంది ఉక్కపోత, మధ్యాహ్నం నేల కాలి వేడిగాలి పైకి లేస్తది, మూడు నాలుగింటికి దూరంగ గోబిపువ్వు లెక్క మొగులు పెరుగుతది, క్యుములోనింబస్ అంటం దాన్ని, ఇగ సాయంత్రం దుమారం, ఉరుములు, పావుగంట దంచుడు, అయిపోయింది. ఆ మొగులు ఎంత ఉంటది? నాలుగైదు కిలోమీటర్లు, పది కిలోమీటర్లు. మన ఇండియా వాతావరణ శాఖ 2025 మేల కొత్త మోడల్ తెచ్చింది, భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్, దానిల దేశాన్నంత 6 కిలోమీటర్ల గడులు గడులుగ చేస్తరు, అంతకుముందు 12 కిలోమీటర్ల గడి ఉండె. 12 కిలోమీటర్ల గడి అంటే హన్మకొండ, కాజీపేట, వరంగల్ స్టేషన్ అన్నీ కలిపి ఒక్క గడిల పడతయి! ఆ గడికంతటికి ఒక్కటే ఉష్ణోగ్రత, ఒక్కటే గాలి, ఒక్కటే వాన. మీకు ఎరుకే, సుబేదారిల మోకాలు లోతు నీళ్లుంటయి, కాజీపేటల రోడ్డు మీద దుమ్ము లేస్తుంటది. మా నాయనమ్మ అనేది, ఎద్దు ఒక కొమ్ము తడిసె ఒక కొమ్ము తడవకపాయె అని. ఎద్దు రెండు కొమ్ముల నడుమ ఉన్న తేడాను ఆరు కిలోమీటర్ల గడి ఎట్ల పడతది?

అందుకే వాతావరణ శాఖ వాళ్ల బులెటిన్ భాష గమనించుండ్రి. "ఒకటి రెండు చోట్ల" అంటరు, "కొన్ని చోట్ల" అంటరు, "చాలా చోట్ల" అంటరు. మనం తప్పించుకునే మాట అనుకుంటం. కాదు, దానికి కొలత ఉన్నది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంల ఉన్న వానకొలత కేంద్రాలల్ల పావు వంతుకు మించకుండ అని. నాలుగు కేంద్రాలుంటే ఒకదాంట్ల పడతది, మూడిట్ల పడదు. అంటే ఆ బులెటిన్ కరెక్ట్ అయిన రోజు కూడ మూడు వంతుల జనం "ఏదిరా వాన, అబద్ధాలు" అని తిడతరు, బులెటిన్ కరెక్టే, తిట్లు కూడ కరెక్టే! "భారీ వర్షం" అన్నదానికి కూడ కొలత ఉంది, 24 గంటలల్ల 64.5 మిల్లీమీటర్ల నుంచి మొదలు. 115.6 దాటితే అతి భారీ. 204.4 దాటితే అత్యంత భారీ. పేపరోళ్లు జల్లు పడినా భారీ వర్షం అని రాస్తరు, అది వేరే ముచ్చట.

ఇంకో సంగతి, మన ఫంక్షన్లు ఎన్నింటికి? రాత్రి ఏడు ఎనిమిది. ఎండకాలం మొగులు ఎన్నింటికి విరుచుకుపడతది? సాయంత్రం. అంటే ఐతారం మీద పగబట్టి ఏం వస్తలేదు, మన దావత్‌ల టైము దాని టైము ఒక్కటి, అంతే. మంగళవారం సాయంత్రం కూడ వస్తది, మంగళవారం నువ్వు ఇంట్ల టీవీ చూస్తుంటవు.

పెద్ద వాన అట్ల కాదు. బంగాళాఖాతంల అల్పపీడనం లేస్తే వందల కిలోమీటర్ల సైజు ఉంటది, దాన్ని నాలుగు రోజుల ముందే చూస్తరు, మంచిగనే చెప్తరు. కాని అందుల కూడ ఏ ఊరి మీద ఎంత కుమ్మరిస్తది అనేది వేరే లెక్క. 2023 జూలై యాదికి తెచ్చుకోండ్రి. రాష్ట్రంల భారీ వానలు అని ముందే చెప్పిండ్రు. కాని ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడతది అని ఎవరు చెప్పగలుగుతరు? రాష్ట్రం మొత్తానికి ఏడాదంతా కలిపి సగటున పడేది 900 చిల్లర. భూపాలపల్లి దిక్కు మోరంచవాగు తెల్లారేసరికి మోరంచపల్లి మీదికి వచ్చింది, జనం డాబాలెక్కి చెట్లెక్కి ప్రాణాలు పట్టుకున్నరు, కొందరు పోయిండ్రు. ఆ ఊరోళ్ల ముందు నిలబడి శాతాల లెక్క చెప్పుడు నాతోని కాదు. మొన్న 2025 అక్టోబర్ల మొంథా తుపాను అంతే, తీరం దాటింది కోస్తాల, మునిగింది మన వరంగల్ కాలనీలు. తుపాను ఎటు పోతదో చెప్పిండ్రు, మీ గల్లీల ఎన్ని ఫీట్ల నీళ్లొస్తయో చెప్పేది మాత్రం మబ్బు కాదు, నాలా. నాలా మీద ఏం కట్టిన్రో మీకే తెలుసు, నేను రాజకీయం మాట్లాడనీకి రాలే.

సరే, ఇగ మా తమ్ముని ఉల్టా సిద్ధాంతం అసొంటివి లోకంల ఎన్ని ఉన్నయో చెప్తా, ఇది నాకు ఇష్టమైన భాగం.

మొదటిది, వాన కావాలనే వీకెండ్‌లనే పడతది అనే సిద్ధాంతం. నవ్వకుండ్రి, ఇది నేచర్ పత్రికల వచ్చింది. 1998ల ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు సర్వేనీ, బాలింగ్ అని, వాళ్ల తూర్పు తీరంల శనివారాలు సోమవారాల కంటే ఐదో వంతుకు పైగ ఎక్కువ వాన పడుతుందని రాసిండ్రు. ఆలోచించుండ్రి, సూర్యునికి ఐతారం తెల్వదు, సముద్రానికి తెల్వదు, పగలు రాత్రి ప్రకృతిల ఉన్నయి, ఏడాది ఉంది, కాని ఏడు రోజుల వారం అనేది మనిషి పెట్టుకున్న లెక్క. మరి వాన వారాన్ని పట్టుకొని నడుస్తుంది అంటే దానికి కారణం మనిషే అయ్యుండాలె. వాళ్లు చెప్పింది కూడ అదే, వారమంతా బండ్లు ఫ్యాక్టరీలు నడిచి గాలిల పొగ నుసి పేరుకుంటది, అది మబ్బులను మారుస్తది అని. మంచి ఆలోచన, వింతగ ఉన్నా తర్కం ఉన్నది. తర్వాత 2007ల వేరేవాళ్లు అమెరికా అంతట 219 కేంద్రాలవి 42 ఏండ్ల వాన లెక్కలు తీసి చూస్తే వారం జాడ ఏం కనపడలే. అక్కడికి ఆగలే, ఒకచోట ఉందంటరు, ఒకచోట లేదంటరు. నాకు ఇందుల నచ్చేది ఏందంటే, ఐతారం వాన మీద మనం చాయ్ హోటల్ కాడ తిట్టుకునే మాటను తీసుకపోయి 42 ఏండ్ల రిజిస్టర్ల ముందు నిలబెట్టిండ్రు.

రెండోది జలగలు. ఇంగ్లండ్‌ల మెరీవెదర్ అని ఒక డాక్టర్, జలగలు ఉరుముల ముందు సీసా పైకి పాకుతయి అని గమనించిండు. పన్నెండు సీసాలల్ల పన్నెండు జలగలు పెట్టి, అది పైకొస్తే చిన్న కడ్డీ కదిలి గంట మోగేటట్టు ఒక యంత్రం చేసిండు. ఎన్ని గంటలు మోగితే అంత గట్టిగ వస్తది తుపాను అని. 1851ల లండన్ పెద్ద ఎగ్జిబిషన్‌ల పెట్టిండు దాన్ని. జలగలు ఒకదాన్నొకటి చూసుకునేటట్టు గుండ్రంగ పేర్చిండట సీసాలు, ఒంటరిగ ఉంటే బెంగపడతయని! (నవ్వులు) పిచ్చోడు అనుకుంటరు. కాని ఒక మాట, ఆ మనిషి తుపాను రాకముందే ఉత్తరం రాసి ఊరి పెద్దమనిషికి పంపేటోడు, తర్వాత కుదిరిందా లేదా చూసుకోవచ్చని. వచ్చినంక "నేను ముందే అన్న" అనలే. ఈ ఒక్క కారణానికి నేను జలగల డాక్టర్ పక్క.

అమెరికాల ఫిబ్రవరి 2 నాడు ఒక ఎలుగంత లావు ఉడుత జాతి జంతువును బొరియల నుంచి తీసి, దానికి దాని నీడ కనపడితే ఇంకో ఆరు వారాలు చలి అంటరు. లెక్క తీస్తే సగం కూడ కుదరలే. నాణెం ఎగరేసినా సగం కుదురుతది. పాపం దాన్ని నిద్రల లేపుడొకటి. ఎలుగంత అన్నది నేను జర ఎక్కువ చేసి చెప్పిన, కుందేలు కంటే పెద్దగుంటది అంతే.

మనదిక్కు వద్దాం. ఉగాది నాడు గుళ్లె పంచాంగం చదువుతరు, ఈ ఏడు ఇన్ని కుంచాల వాన, సముద్రంల ఇన్ని భాగాలు, పర్వతాల మీద ఇన్ని, భూమి మీద ఇన్ని అని. నేను ఒకసారి అయ్యగారిని అడిగిన, సముద్రంల పడ్డదాన్ని ఎవరు కొలుస్తరు స్వామీ అని. ఆయన నాకు ఉగాది పచ్చడి ఇంకో గ్లాస్ పోసి తాగుమన్నడు.

వరాహమిహిరుడు ఆరో శతాబ్దంల బృహత్సంహితల ఏం రాసిండు, మబ్బు గర్భం దాలుస్తది, 195 రోజులకు కాన్పయితది అని. చలికాలం ఫలానా రోజు గాలి ఇట్ల ఉంది మబ్బు అట్ల ఉంది అని రాసుకుంటే ఆరున్నర నెలల తర్వాత అదే లెక్కన వాన పడాలె. వింతనే. కాని తేదీ పెట్టి చెప్తున్నడు చూడుండ్రి, తప్పయితే తప్పు అని దొరికిపోయేటట్టు చెప్తున్నడు. అది నాకు గౌరవం.

కార్తెలు వేరు. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయి అంటే అది అంచనా కాదు, అనుభవం. సూర్యుడు ఒక్కో నక్షత్రంల పదమూడు పద్నాలుగు రోజులు ఉంటడు, అది సూర్యుని లెక్క కాబట్టి కాలాన్ని మంచిగనే పట్టుకుంటది. మృగశిర జూన్ 8 దగ్గర వస్తది, నైరుతి రుతుపవనాలు కేరళకు జూన్ 1, మన దగ్గరికి ఇంకో వారం పదిరోజులు, కుదిరింది కదా. అందుకే మృగశిర నాడు చేపల కూర. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నరు, ఉత్తర కార్తె దాక చూసి వాన లేకుంటే గంప నెత్తిన పెట్టుకొని వలసపో అని. దాని వెనక ఎంతమంది ఆకలి ఉందో. కాని కార్తె చెప్పేది సగటు. మృగశిరల వాన పడాలె అని చెప్తది, ఈ ఏడు మృగశిరల రెండో ఐతారం పడతదా అంటే దానికి తెల్వదు, అడుగుడు తప్పు. ఇంకొకటి, నక్షత్రాల లెక్క రుతువులతోని కొద్దికొద్దిగ జరుగుతది, దాదాపు 72 ఏండ్లకు ఒక రోజు. వరాహమిహిరుని కాలం నుంచి ఇప్పటికి మూడు వారాలు జరిగినట్టు. ఆయన పుస్తకం పట్టుకొని ఇప్పుడు విత్తనం వేస్తే ఏమయితదో మీరే చూడుండ్రి.

వరదగుడి మాత్రం నాకు మస్తు ఇష్టం. చంద్రుని చుట్టూ వలయం. దూరపు గుడి దగ్గరి వాన, దగ్గరి గుడి దూరపు వాన అన్నరు పెద్దలు. నేను ఫిజిక్స్ మాస్టర్ను, మొదట కొట్టిపారేసిన. తర్వాత చూస్తే, పెద్ద వలయం వచ్చేది ఎప్పుడూ 22 డిగ్రీల దూరంలనే, చానా ఎత్తుల పల్చటి మంచు పలుకుల మబ్బులుంటే వస్తది, ఆ మబ్బులు పెద్ద వాన వ్యవస్థకు ముందుగాల నడిచొచ్చే మబ్బులు. చంద్రునికి ఆనుకొని రంగురంగులుగ చిన్నగ కనపడేది వేరే, అది నీటిబొట్ల మబ్బుతోని వస్తది, దానికి పెద్ద వానతోని సంబంధం ఉండాలని లేదు. ఒకటి మంచు, ఒకటి నీళ్లు. సైజు చూసి మబ్బు జాతి చెప్తున్నరు మనోళ్లు! ప్రతిసారి పడతదని కాదు, కాని ఊరికే అన్నమాట కాదు.

వింత అనేదాన్ని బట్టి కొట్టెయ్యద్దు అని ఎందుకంటున్న అంటే, ఒక కథ చెప్తా. 1904ల గిల్బర్ట్ వాకర్ అనే గణితం మనిషి మన ఇండియా వాతావరణ శాఖకు డైరెక్టర్‌గ వచ్చిండు. వాతావరణం గురించి ఏం తెల్వదు. అంతకు అయిదేండ్ల కిందనే వానలు పోయి దేశంల ఘోరమైన కరువు. వాకర్ ఏం చేసిండు, ప్రపంచం మొత్తం నుంచి లెక్కలు తెప్పించుకొని, ఎక్కడిది ఎక్కడిదానితోని కలుస్తుందో గుమస్తాలతోని చేత్తోని లెక్కలు కట్టించిండు. చివరికి తేలింది ఏంది? పసిఫిక్ సముద్రం ఆ దిక్కు గాలి ఒత్తిడి పెరిగితే ఈ దిక్కు తగ్గుతది, ఊయల లెక్క, ఆ ఊయలకు మన వానకు సంబంధం ఉంది అని. ఎల్‌నినో అని ఇప్పుడు ప్రతి రైతు నోట్ల ఉన్న మాటకు అది సగం పునాది. ఇప్పుడు చెప్పుండ్రి, పెరూ దేశం ఒడ్డున నీళ్లు వేడెక్కితే ఎనుమాముల మార్కెట్ల పత్తి తగ్గుతది అనేది జలగ సీసా ఎక్కుడు కంటే తక్కువ వింతనా? ఆ రోజుల్ల వాకర్‌ను కూడ అదోలానే చూసిన్రు. వందేండ్ల లెక్కలల్ల నిలబడ్డది కాబట్టి అది సైన్స్.

అదీ పూర్తిగ కాదు మళ్లా! 1997ల గట్టి ఎల్‌నినో, దేశంల వానలు మామూలే. 2002ల ఎల్‌నినో, కరువు. 2023ల కూడ ఎల్‌నినోనే, ఆ జూలైలనే కదా లక్ష్మీదేవిపేట మునిగింది, తర్వాత ఆగస్టు చూస్తే 1901 నుంచి దేశంల అంత ఎండిన ఆగస్టు లేదు. అంటే ఎల్‌నినో సీజన్ గురించి మాట్లాడతది, మీ ఐతారం గురించి కాదు.

ఆఁ, మా తమ్ముని సంగతి చెప్తా అన్న కదా. ఉల్టా సిద్ధాంతం వానకాలం మొదలైనంక తేలిపోయింది. ముసురు పట్టింది, వారం రోజులు ఫోన్ వాన అంటది, వాన పడతది. వీడు ఉల్టా పోయి మూడు వందల కుర్చీలు, పరుపులు తడిపిండు. అప్పుడు నోట్‌బుక్ పెట్టిచ్చిన. బుధవారం ఏం చెప్పింది, శనివారం ఏం చెప్పింది, ఐతారం ఏమైంది, మూడు గీతలు. రాస్తూ రాస్తూ వానికే అర్థమైంది, బుధవారం అంకెను శనివారం అంకె చానాసార్లు మార్చేస్తది, అడ్వాన్స్ తీసుకునేది బుధవారం, పందిరి వేసేది శనివారం. ఇప్పుడు బుధవారం నాడు రెండు రేట్లు చెప్తడు, శనివారం పొద్దుగాల ఖాయం చేస్తడు, ఐతారం మధ్యాహ్నం రాడార్ బొమ్మ చూసి పిలగాళ్లను గుంజల కాడ నిలబెడతడు. పిడుగులకు దామిని యాప్ పెట్టిచ్చిన, పుణె సంస్థ వాళ్లది, చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లల్ల మెరిస్తే చెప్తది. ఇనుప గుంజలు పట్టుకొనే పనోళ్లకు అది ఐతారం వాన కంటే ముఖ్యం.

ఊకే "మా అంచనా 90 శాతం కరెక్ట్" అని చెప్పేటోళ్లను నమ్మకుండ్రి, ఒక్క ఉదాహరణ చెప్పి ఆపేస్తా. 1884ల అమెరికాల ఫిన్లీ అనే ఆయన సుడిగాలులు వస్తయా రావా అని 2,803 అంచనాలు చెప్పిండు, 96.6 శాతం కరెక్ట్ అన్నడు. చప్పట్లు. ఇంకొకాయన లెక్క తీసి అన్నడు, అయ్యా, కండ్లు మూసుకొని ప్రతిసారి "రాదు" అని చెప్పినా 98.2 శాతం కరెక్ట్ అయితది అని. ఎందుకంటే సుడిగాలి ఊకె రాదు కదా! మన దగ్గర ఫిబ్రవరిల రోజూ "వాన పడదు" అని నేను చెప్తే నా అంత గొప్పోడు లేడు. వచ్చిన రోజు చెప్పిండా లేదా, రాని రోజు ఊరికే భయపెట్టిండా, రెండూ చూడాలె.

ప్రశ్నలుంటే అడుగుండ్రి. (ముందు వరుసల నుంచి ఒక పెద్దాయన: సార్, నాకు మోకాలు నొచ్చిందంటే తెల్లారి వాన పక్కా.) పెద్దమనిషీ, నిన్ను కాదనను, గాలి ఒత్తిడికి కీళ్లకు సంబంధం గురించి డాక్టర్లు ఇంకా కొట్లాడుకుంటున్నరు. ఒక పని చెయ్యి, నొచ్చిన నాడు క్యాలెండర్ల గీత పెట్టు, వాన పడ్డనాడు ఇంకో గీత పెట్టు. నొచ్చి కూడ వాన పడని రోజులు ఎన్నో, నొవ్వకుండనే పడ్డ రోజులు ఎన్నో ఒక ఏడాది చూద్దాం. (పెద్దాయన: గీతలు పెట్టనీకి లేవనీకే వస్తలేదు సార్, మోకాలు నొస్తుంది కదా.) (నవ్వులు, చప్పట్లు)

(ఒకామె: సార్, వచ్చే ఐతారం మా మనుమరాలిది ఓణీల ఫంక్షన్, మైదానంల పెట్టుకున్నం. వాన పడతదా?)

అమ్మా, ఇంతసేపు చెప్పింది... సరే, ఆగు, ఫోన్ తీస్తా. ఇయ్యాల బుధవారం. 40 శాతం ఉన్నది. పదిల నాలుగు. శనివారం పొద్దుగాల మళ్లా అడుగు, అప్పుడు చెప్పేది ఇప్పటికంటే పనికొస్తది. ఫంక్షన్ మధ్యాహ్నమే పెట్టుకుంటే ఇంకా మంచిది, సాయంత్రం కంటే. మా తమ్ముణ్ని మాత్రం అడగకు, వాడు నిన్ను చూసి "పడతది అమ్మా, రేకుల పందిరి వేసుకో" అంటడు.